సీటీలో ఉన్న గడ్డ కెమెరాలో ఎక్కడుంది? ఒక లాప్రోస్కోపిక్ లివర్ కేస్, ఇంజనీర్ వైపు నుంచి

లివర్ సర్జరీ ఓపెన్‌గా చేసేటప్పుడు సర్జన్ చెయ్యి లోపల పెట్టి నొక్కి చూస్తారు, గట్టిగా తగిలితే అక్కడ గడ్డ ఉన్నట్టు. లాప్రోస్కోపీలో ఆ చెయ్యి పోయింది. పొట్ట మీద నాలుగైదు చిన్న కంతలు (పోర్టులు), ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిల్లోంచి పొడుగాటి ఇన్‌స్ట్రుమెంట్లు, లివర్ పైనుంచి చూస్తే నున్నగా గోధుమ ఎరుపు రంగులో అంతా ఒకేలా ఉంటుంది, రెండు సెంటీమీటర్ల లోతులో ఏముందో కెమెరాకి తెలీదు. పేషెంట్ సీటీ మాత్రం పక్క మానిటర్ మీద ఉంటుంది, అందులో గడ్డ, హెపాటిక్ వెయిన్స్, పోర్టల్ వెయిన్ లాంటి లివర్ రక్తనాళాలు అన్నీ కనబడుతూనే ఉంటాయి, ఆ బొమ్మని ఈ బొమ్మ మీద సర్జన్ తన బుర్రలోనే కూర్చుకోవాలి. మా ప్రాజెక్ట్ ఏంటంటే ఆ కూర్చే పనిని స్క్రీన్ మీద చెయ్యడం, అంటే సీటీ నుంచి తీసిన 3డీ మోడల్‌ని లైవ్ వీడియో మీద సరైన చోట గియ్యడం. ఆగ్మెంటెడ్ రియాలిటీ అని రాస్తే ప్రపోజల్‌లో బావుంటుంది గానీ ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) అందరూ ఓవర్లే అనే అంటారు, నేనూ అదే రాస్తాను.

ఈ కేస్ వివరంగా రాయడానికి కారణం, ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లలు (ముఖ్యంగా డీప్ లెర్నింగ్ వైపు నుంచి వచ్చేవాళ్ళు) మొత్తం బుర్రంతా అల్గారిథమ్ మీదే పెడతారు, స్క్రీన్ మీద రిజిస్ట్రేషన్ ఎర్రర్ (మోడల్‌ని వీడియోతో కలిపాక మిగిలిన తేడా) చిన్నగా కనబడితే చాలు పని అయిపోయిందనుకుంటారు. ఆ నంబర్ ఎంత చిన్నగా ఉన్నా గడ్డ మాత్రం పక్కకి ఉండొచ్చు, ఎందుకుండొచ్చో ఈ ఒక్క పేషెంట్‌లోనే రెండు గడ్డల దగ్గర రెండు రకాలుగా కనబడింది.

పేషెంట్ గురించి క్లుప్తంగా: అరవై దాటిన మనిషి, పెద్దపేగు క్యాన్సర్ లివర్‌కి పాకింది, కీమో తర్వాత రెండు గడ్డలు మిగిలాయి, రెండూ చిన్నవే. ఒకటి సెగ్మెంట్ 4బీలో, అంటే ఫాల్సిఫామ్ లిగమెంట్‌కి (లివర్‌ని ముందు పొట్టగోడకి పట్టి ఉంచే పల్చటి పొర) కుడిపక్కనే. రెండోది సెగ్మెంట్ 6లో, కుడి లోబ్ కింది అంచు వైపు, వెనకగా. (కుయినో పద్ధతిలో లివర్‌ని 8 సెగ్మెంట్లుగా విడగొడతారు, సర్జన్లు మాట్లాడేదంతా ఆ నంబర్లలోనే, కాబట్టి ఇంజనీర్లు మొదటి వారంలోనే అవి నేర్చేసుకోవడం మంచిది.) ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ఉంది, పేషెంట్ సంతకం ఉంది, షరతు ఒకటే: ఓవర్లే రెండో మానిటర్ మీద మాత్రమే, దాన్ని చూసి ఎక్కడా కొయ్యకూడదు. నిర్ణయమంతా లాప్రోస్కోపిక్ అల్ట్రాసౌండ్ మీదే, ఇప్పుడు ఎక్కడైనా వాడేది అదే. మాకు కూడా అల్ట్రాసౌండే పోల్చుకోవడానికి ఆధారం.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, ఐసీజీ ఉంది కదా మళ్ళీ ఇదంతా ఎందుకు అని. ఇండోసయనిన్ గ్రీన్ అనే డై ఇస్తే, దగ్గరి ఇన్‌ఫ్రారెడ్ లైట్ కింద సుమారు 830 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది, పైత్యనాళాలు చూడ్డానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది, లివర్ పైపొరలో ఉన్న గడ్డ చుట్టూ రింగులా కూడా వెలుగుతుంది. కానీ ఆ వెలుగు కణజాలంలోంచి బయటికొచ్చేది మహా అయితే 5 నుంచి 10 మి.మీ. లోతు నుంచి. అంతకన్నా లోపలుంటే చీకటే. మన దేశంలో మొదటి లాప్రోస్కోపిక్ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ 1990లో ముంబైలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా చేశారు, తర్వాత అది ఊరూరా మామూలైపోయింది, ఎందుకంటే గాల్‌బ్లాడర్ కంటికి కనబడే అవయవం. లివర్ లోపలి గడ్డ అలా కాదు, లాప్రోస్కోపీలో లివర్ ఆలస్యంగా రావడానికి అదీ ఒక కారణం.

సీటీ నుంచి మోడల్ దాకా

మొదటి అడ్డంకి చాలా చిల్లరది. సెగ్మెంటేషన్‌కి (సీటీలో లివర్, గడ్డ, నాళాల హద్దులు గీసి విడదియ్యడానికి) 1 మి.మీ. స్లైసులు కావాలి, రేడియాలజీ నుంచి సీడీలో వచ్చేది 5 మి.మీ. స్లైసులు, రిపోర్ట్ రాయడానికి వాళ్ళకి అవే చాలు. సన్నవి కావాలంటే స్కానర్ కన్సోల్‌లో రా డేటా ఉన్నప్పుడే మళ్ళీ రీకన్‌స్ట్రక్ట్ చేయించాలి, కొన్నాళ్ళయితే దాని మీద కొత్త పేషెంట్ల డేటా వచ్చి పడిపోతుంది. 12 మి.మీ. గడ్డ 5 మి.మీ. స్లైసుల్లో రెండు మూడు స్లైసుల్లోనే కనబడుతుంది, పైనా కిందా అంచులు ఎక్కడున్నాయో ఊహించుకోవడమే. అందుకని సర్జరీ ఫిక్స్ అవకముందే, పేషెంట్ సీటీకి వెళ్ళేరోజే సీటీ రూమ్‌లో టెక్నీషియన్‌కి ఫోన్ కొట్టి, అన్నా పోర్టల్ వీనస్ ఫేజ్ సన్నవి కూడా పంపించు అని చెప్పడం మా ప్రోటోకాల్‌లో మొదటి లైన్ అయ్యింది. పోర్టల్ వీనస్ అంటే కాంట్రాస్ట్ ఎక్కించాక ఒక నిమిషం పైన, సుమారు 70 సెకన్ల దగ్గర తీసేది, అందులో సిరలు తెల్లగా, ఇలాంటి గడ్డలు నల్లగా ఉంటాయి.

లివర్ బయటి ఆకారం డీప్ లెర్నింగ్ నెట్‌వర్క్ బాగానే గీస్తుంది, అది ఇప్పుడు పెద్ద సమస్య కాదు. రక్తనాళాల చివర్లు, చిన్న గడ్డలు మాత్రం రేడియాలజిస్ట్ పక్కన కూర్చుని చేత్తో దిద్దాల్సిందే. 3డీ స్లైసర్‌లో చేశాం, ఫ్రీ సాఫ్ట్‌వేర్, ఈ పనికి అంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను, మెష్ (3డీ మోడల్ పైతలం) మెట్లుమెట్లుగా ఉందని స్మూతింగ్ స్లైడర్ లాగితే బొమ్మ అందంగా వస్తుంది గానీ గడ్డ లోపలికి కుంచించుకుపోతుంది. 12 మి.మీ. గడ్డకి చుట్టూ 1 మి.మీ. తగ్గితే వ్యాసార్థం 6 నుంచి 5కి వస్తుంది, ఘనపరిమాణం లెక్కేస్తే నూటికి 42 వంతులు మాయం. లివర్‌కి ఒక స్మూతింగ్, గడ్డకి వేరే, అసలు గడ్డకి చెయ్యకపోతే ఇంకా మేలు.

స్కోప్ గొడవ

నా అసలు పని ఇక్కడుంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

కెమెరా క్యాలిబ్రేషన్ అంటే కంప్యూటర్ విజన్ చదివినవాళ్ళకి చిన్న విషయం, చదరంగం బోర్డు లాంటి గడుల బొమ్మ పట్టుకుని నాలుగు వైపులనుంచి ఫొటోలు తీసి, 2000లో జాంగ్ ఇచ్చిన పద్ధతిలో ఫోకల్ లెంగ్త్, డిస్టార్షన్ తీసెయ్యడం. తర్వాత స్కోప్‌కి ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని తిప్పికొట్టే గోళాలున్న మార్కర్ తగిలించి, ఆప్టికల్ ట్రాకర్ దాన్ని చూస్తూ ఉంటే, మార్కర్ నుంచి లెన్స్‌కి ఎంత దూరం ఏ కోణం అన్నది హ్యాండ్ ఐ క్యాలిబ్రేషన్‌తో కట్టుకోవడం. ల్యాబ్‌లో ఇదంతా ఒక మధ్యాహ్నం పని.

ఓటీలో ఏమవుతుందంటే, టెలిస్కోప్, కెమెరా హెడ్ రెండూ వేరువేరు వస్తువులు. టెలిస్కోప్ స్టెరిలైజ్ అయి ట్రేలో వస్తుంది, కెమెరా హెడ్‌కి ప్లాస్టిక్ స్లీవ్ తొడుగుతారు, రెండింటినీ అప్పటికప్పుడు బిగిస్తారు, తెల్లటి గాజ్ గుడ్డ (కట్టు కట్టే గుడ్డ) ముక్క ముందు పెట్టి వైట్ బ్యాలెన్స్ నొక్కుతారు, ఫోకస్ రింగ్ తిప్పుతారు. అంటే నిన్న ల్యాబ్‌లో చేసిన క్యాలిబ్రేషన్ ఇవాళ చెల్లదు, ఫోకస్ రింగ్ కదిలితేనే ఫోకల్ లెంగ్త్ మారిపోతుంది. కాబట్టి క్యాలిబ్రేషన్ స్టెరైల్ ఫీల్డ్‌లోనే, పేషెంట్ పక్కనే, అనస్థీషియా ఇస్తున్నంతలో అయిపోవాలి. కాగితం బోర్డు అక్కడికి రానివ్వరు. నల్లగా యానొడైజ్ చేసిన అల్యూమినియం పలక మీద లేజర్‌తో చిన్న చిన్న గడులు చెక్కించి ఈటీఓ (ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాస్) స్టెరిలైజేషన్‌కి పంపించాం, మొదట మెరిసే స్టీల్ పలక అనుకున్నాం గానీ స్కోప్ లైట్ దాని మీద పడితే మధ్యలో తెల్లటి మచ్చ తప్ప ఇంకేం కనబడదు. ఫోకస్ రింగ్ కదలకుండా స్క్రబ్ సిస్టర్ ఒక ఉపాయం చెప్పింది, గాయాలకి అంటించే స్టెరి స్ట్రిప్ ఉంటుంది కదా, అది రింగ్ చుట్టూ రెండు చుట్లు వేసెయ్యండి అని. ఇప్పటికీ అదే వాడుతున్నాం.

ఇక 30 డిగ్రీల స్కోప్. లివర్‌కి నేరుగా చూసే 0 డిగ్రీ స్కోప్ పెద్దగా వాడరు, కొస వాలుగా కోసినట్టుండి పక్కకి చూసే 30 డిగ్రీలది వాడతారు, ఎందుకంటే లైట్ కేబుల్ పట్టుకుని టెలిస్కోప్‌ని దాని ఇరుసు మీద తిప్పితే గడ్డ వెనక్కి, లివర్ కిందకి తొంగి చూడొచ్చు. అసిస్టెంట్ కెమెరా హెడ్‌ని నిటారుగానే పట్టుకుని ఇంకో చేత్తో లైట్ కేబుల్ తిప్పుతూ ఉంటాడు, సర్జన్‌కి బొమ్మ తలకిందులవకుండా. ఇప్పుడు ఆలోచించండి, మన మార్కర్ కెమెరా హెడ్ మీద ఉంది, కెమెరా హెడ్ కదల్లేదు, ట్రాకర్‌కి ఏమీ తెలీదు, కానీ చూపు అవతలి పక్కకి పోయింది. పూర్తిగా 180 తిప్పితే చూపు దిశ 60 డిగ్రీలు మారుతుంది. ఓవర్లే మాత్రం పాత దిశలోనే గీస్తూ కూర్చుంటుంది. పోనీ మార్కర్ టెలిస్కోప్ గొట్టానికి పెడదామంటే అప్పుడు చూపు దిశ సరిపోతుంది గానీ బొమ్మ సెన్సర్ మీద గిర్రున తిరుగుతుంది, పైగా అసిస్టెంట్ చేతికి గోళాలు అడ్డం.

ఈ సమస్య కొత్తదేం కాదు, ఎన్‌కోడర్ పెట్టి తిరిగిన కోణం కొలిచే పద్ధతులు ఇరవై ఏళ్ళకి పైగా ఉన్నాయి. మాకు ఇంకో పార్ట్ స్టెరిలైజ్ చేయించే ఓపిక లేక బొమ్మలోంచే తీశాం. స్కోప్ వీడియో చూసినవాళ్ళకి తెలుసు, బొమ్మ గుండ్రంగా ఉండి చుట్టూ నలుపు ఉంటుంది, ఆ గుండ్రం అంచున ఒకచోట చిన్న త్రికోణం నొక్కు ఉంటుంది, టెలిస్కోప్ ఎటు తిరిగితే అదీ అటు తిరుగుతుంది. ఆ నొక్కు ఏ గంట మీద ఉందో పట్టుకుంటే తిరిగిన కోణం దొరికినట్టే. చక్కగా పనిచేసింది, ఒక్క చిక్కుతో: సర్జన్ జూమ్ చేస్తే గుండ్రం అంచు స్క్రీన్ బయటికి పోతుంది, నొక్కు కూడా దాంతోపాటే. అలాంటప్పుడు సిస్టమ్ ఊహించి గియ్యడం కన్నా ఓవర్లే ఆపేసి మూలన ఒక చిన్న మాట చూపించడం మేలని నిర్ణయించాం. దీని మీద టీమ్‌లో బాగానే వాదన జరిగింది, ఆపుతూ ఉంటే ఎవరు వాడతారు అని ఒక వర్గం. తప్పుగా చూపించేదాన్ని ఎవరు వాడాలి అని నా వాదన.

కొలతల విషయం కూడా ఒకటి చెప్పాలి. ట్రాకర్ బ్రోషర్‌లో పావు మిల్లీమీటర్ ఎర్రర్ అని ఉంటుంది, అది నిజమే, కానీ అది ఒక్కో గోళానికి. గోళాలు 50 మి.మీ. ఎడంలో ఉంటే పావు మి.మీ. కదలిక అంటే 0.29 డిగ్రీల కోణం. మార్కర్ హ్యాండిల్ దగ్గర, అక్కడి నుంచి లివర్ 400 మి.మీ. దూరం అనుకుంటే ఆ కోణమే అక్కడికి వెళ్ళేసరికి 2 మి.మీ. అవుతుంది. దారం పట్టుకున్న వేళ్ళ దగ్గర గోరంత, గాలిపటం దగ్గర మూరంత అన్నమాట. మార్కర్ పెద్దది చేస్తే తగ్గుతుంది, పెద్దది చేస్తే అసిస్టెంట్ మోచేతికి తగులుతుంది.

ఆలస్యం సంగతి: వీడియో క్యాప్చర్ కార్డ్ ద్వారా వచ్చేసరికి 100 మిల్లీసెకన్లు లేటనుకోండి, స్కోప్ సెకనుకి 50 మి.మీ. కదిలితే మోడల్ 5 మి.మీ. ముందుకో వెనక్కో ఈదుతూ కనబడుతుంది. పలక ముందు స్కోప్‌ని పైకీ కిందకీ ఊపి, ట్రాకర్ అల, వీడియో అల రెండూ గ్రాఫ్ మీద పెట్టి ఎంత జరిపితే కలుస్తాయో చూసి సరిచేశాం. సర్జన్ చూసే మెయిన్ మానిటర్ వైర్ని మాత్రం ముట్టుకోలేదు, దానికి మన కంప్యూటర్ అడ్డం పడకూడదు, మనది హ్యాంగ్ అయినా ఆయన స్క్రీన్ నల్లబడకూడదు.

చైనా గ్రాస్ లివర్

ఓటీకి ముందు ఫాంటమ్ (అవయవం బదులు వాడే నకిలీ బొమ్మ) మీద చూశాం. 3డీ ప్రింట్ చేసిన అచ్చులో జెలటిన్, చైనా గ్రాస్ కలిపి పోసి, మధ్యలో ప్లాస్టిక్ పూసలు గడ్డల్లాగ పెట్టి, అక్రిలిక్ పెట్టెలో కూర్చోబెట్టి సీటీ తీయించాం. ఇంట్లో స్వీట్లకి వాడే చైనా గ్రాసే. రెండో రోజుకి ఫ్రిజ్‌లో నీళ్ళు వదిలి కుంచించుకుపోతుంది, అందుకని సీటీ తీసినరోజే ప్రయోగం అయిపోవాలి. టెక్స్‌చర్ కోసం మటన్ షాప్ నుంచి మేక లివర్ కూడా తెచ్చి చూశాం, కెమెరాకి అదే అసలుదానికి దగ్గర, ఏసీ రూమ్‌లో వాసన సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఫాంటమ్ మీద ఓవర్లే పూస మీద కరెక్ట్‌గా కూర్చుంది. కూర్చుంటుంది కూడా, ఎందుకంటే పెట్టె గట్టిది, సీటీలో ఎలా ఉందో బల్ల మీదా అలాగే ఉంది, పాయింట్లు చుట్టూతా పెట్టుకున్నాం. పేపర్లలో కనబడే అందమైన రిజల్ట్స్ చాలావరకు ఈ స్థితిలో తీసినవే, చదివేటప్పుడు ఫాంటమా, జంతువా, మనిషా అని ముందు చూడండి.

ఓటీలో

సీటీ తీసినప్పుడు పేషెంట్ వెల్లకిలా, చేతులు పైకి, గట్టిగా గాలి పీల్చి బిగబట్టి ఉన్నారు. ఓటీలో తల పైకి కాళ్ళు కిందకి ఉండేలా టేబుల్ వాల్చారు, మళ్ళీ ఎడమపక్కకి వంచారు, పొట్టలో 12 మి.మీ. మెర్క్యురీ ప్రెషర్‌తో కార్బన్ డయాక్సైడ్ నింపారు, పొట్టగోడ గుమ్మటంలా లేచింది, ఊపిరి వెంటిలేటర్‌ది. అదే లివర్, కానీ ఆకారం అదే కాదు. మామూలు శ్వాసకే లివర్ పైకీ కిందకీ ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు కదులుతుంది, అందుకని రిజిస్ట్రేషన్ చేసే కాసేపు, గాలి వదిలేసిన స్థితిలో వెంటిలేటర్ ఆపమని అనస్థీషియా మేడమ్‌ని అడిగాం. ఆవిడ మానిటర్ మీద ఆక్సిజన్ చూసుకుంటూ, కానివ్వండి, నేను ఆపమంటే ఆపాలి అన్నారు. న్యాయమే.

ఒకే లెన్స్ స్కోప్ కాబట్టి లోతు నేరుగా తెలీదు, స్టీరియో స్కోప్ అక్కడ లేదు. లివర్ ముందు అంచు, ఫాల్సిఫామ్ లిగమెంట్ తగులుకున్న గీత, గాల్‌బ్లాడర్ గుంట పక్క అంచు, వీటిని వీడియోలో మార్క్ చేసి మోడల్ మీది అవే గీతలతో కలిపాం. ఈ గీతలతో కలపడమే ఈ ఫీల్డ్‌లో ఇప్పుడు నడుస్తున్న దారి, మిక్కాయ్ (మెడికల్ ఇమేజింగ్ వాళ్ళ పెద్ద కాన్ఫరెన్స్) 2022లో దీని మీదే ఒక పోటీ కూడా పెట్టారు. మార్కింగ్ నేను వెనక కంప్యూటర్ దగ్గర చేస్తుంటే సర్జన్ గారు గ్రాస్పర్ (కణజాలం పట్టుకునే పొడుగాటి పట్టకారు) కొసతో చూపిస్తూ, "ఇదమ్మా లిగమెంట్, అది కొవ్వు, పొరపాటున దాన్ని మార్క్ చెయ్యకు" అని చెప్తున్నారు. మధ్యలో ఒకసారి లెన్స్ మంచు పట్టింది, స్కోప్ బయటికి తీసి వేడి సెలైన్‌లో ముంచి తుడిచి మళ్ళీ పెట్టారు, అదృష్టం, స్టెరి స్ట్రిప్ కదల్లేదు.

నంబర్ వచ్చింది, చిన్నగానే వచ్చింది, స్క్రీన్ మీద ఆకుపచ్చ రంగులో. 4బీ గడ్డ దగ్గర అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించి చూస్తే ఓవర్లే గీసిన చోటే దాదాపుగా ఉంది, సర్జన్ గారు తల తిప్పి "పర్లేదే" అన్నారు. సెగ్మెంట్ 6కి వచ్చేసరికి ప్రోబ్‌లో గడ్డ కనబడిన చోటుకి, మనం గీసిన చోటుకి మధ్య గ్రాస్పర్ దవడ పొడవంత తేడా. నంబర్ మాత్రం అదే ఆకుపచ్చ.

"ఏంటమ్మా, ఒకటి కరెక్ట్, ఒకటి తప్పా?" అని అడిగారు.

"సర్, మనం పట్టుకున్న గీతలన్నీ మధ్యలో, ఎడమవైపున ఉన్నాయి సర్. ఆరు చాలా దూరం. పైగా టేబుల్ వంచాక కుడి లోబ్ జారింది."

"మరి ఆ నంబర్ దేనికి పెట్టావు?"

ఈ ప్రశ్నకి ఓటీలో నిలబడి జవాబు చెప్పడం కష్టం గానీ లెక్క మాత్రం శుభ్రంగా ఉంది, అది ఇక్కడ రాస్తాను.

లెక్క

స్క్రీన్ మీద చూపించే నంబర్ ఫిడ్యూషియల్ రిజిస్ట్రేషన్ ఎర్రర్, అంటే మనం కలపడానికి వాడిన పాయింట్లు ఒకదాని మీద ఒకటి ఎంత బాగా కూర్చున్నాయి అన్నది. మనకి కావలసింది టార్గెట్ ఎర్రర్, అంటే గడ్డ ఎంత పక్కకి ఉంది అన్నది. రెండూ వేరు. 1998లో ఫిట్జ్‌పాట్రిక్, వెస్ట్, మారర్ ఇచ్చిన సూత్రంలో ఇది స్పష్టంగా ఉంది, 2009లో ఫిట్జ్‌పాట్రిక్ ఇంకో అడుగు ముందుకేసి ఈ రెండింటికీ అసలు సహసంబంధమే లేదని చూపించాడు.

అంకెలు పెట్టి చూద్దాం. ఒక్కో పాయింట్ మార్క్ చెయ్యడంలో 4 మి.మీ. పొరపాటు ఉంటుందనుకోండి. సూత్రం ప్రకారం 3 పాయింట్లతో కలిపితే స్క్రీన్ మీద సగటున 2.3 మి.మీ. వస్తుంది, 8 పాయింట్లతో కలిపితే 3.5 మి.మీ. వస్తుంది. అంటే తక్కువ పాయింట్లు పెట్టినవాడికే నంబర్ బావుంటుంది, గడ్డ దగ్గర మాత్రం వాడికే ఎక్కువ తప్పు. డెమో ఇచ్చేవాళ్ళలో కొందరు ఈ సంగతి తెలిసే వాడుకుంటారేమో అని నా అనుమానం, అది పక్కన పెడదాం.

ఇక దూరం. 4 పాయింట్లు, వాటి విస్తృతి అన్ని అక్షాల చుట్టూ 30 మి.మీ. అనుకుంటే, వాటి మధ్యబిందువు దగ్గర టార్గెట్ ఎర్రర్ 2 మి.మీ. అక్కడి నుంచి ఒక అక్షం వెంబడి 90 మి.మీ. అవతల ఉన్న గడ్డకి అదే 5.3 మి.మీ. అవుతుంది, రెండున్నర రెట్లు పైమాటే. ఇది లివర్ రాయిలా గట్టిగా ఉందనుకుని వేసిన లెక్క. గీతలతో కలిపేటప్పుడు ఈ సూత్రం యథాతథంగా పనికిరాదు, కానీ పద్ధతి అదే, పట్టుకున్న చోటు నుంచి దూరం వెళ్ళేకొద్దీ తిప్పులో ఉన్న చిన్న తప్పు పెద్దదవుతూ పోతుంది. దీనికి తోడు కుడి లోబ్ వంగడం, గ్యాస్ ఒత్తిడి, ఇవి ఏ రిజిడ్ సూత్రంలోనూ లేవు. మా కేస్‌లో 4బీ గీతల మధ్యలో ఉంది, 6 చివరన ఉంది. జరిగింది అదే.

డీఫార్మబుల్ మోడల్ (లివర్ వంగడాన్ని కూడా లెక్కేసేది) పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, ఫైనైట్ ఎలిమెంట్ మోడల్స్ మీద మంచి పని జరిగింది, మేమూ ఆఫ్‌లైన్‌లో నడిపి చూశాం. చిక్కేంటంటే కెమెరాకి కనబడేది లివర్ ముందువైపు కొంత భాగమే, వెనక సగానికి ఎక్కడా ఆనవాలు లేదు, అక్కడ మోడల్ ఏం చెప్తే అదే. ఈ పేషెంట్ లివర్ కీమో తిన్నది, ఎంత మెత్తగా ఉందో ఎంత గట్టిగా ఉందో మనకి కొలత లేదు, పుస్తకంలో గట్టిదనం సంఖ్య తీసి పెట్టాలి. ముందు భాగం ఇంకా అందంగా అతుకుతుంది, వెనక ఏమైందో తెలీదు, ఆకుపచ్చ నంబర్ మాత్రం ఇంకా చిన్నదవుతుంది.

తర్వాత మార్చినవి

ముందు ఆ నంబర్ తీసేశాం. దాని బదులు గడ్డ చుట్టూ ఒక మబ్బులాంటి పరిధి గీస్తున్నాం, గీతలకి దగ్గరగా ఉంటే బిగుతుగా, దూరంగా ఉంటే వెడల్పుగా, వెడల్పు మరీ ఎక్కువైతే గడ్డ అంచు అసలు గీయం. పరిధి ఎలా లెక్కేస్తున్నామంటే, మార్క్ చేసిన గీతల్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదిపి రిజిస్ట్రేషన్ మళ్ళీ మళ్ళీ నడిపి, ప్రతిసారీ గడ్డ ఎక్కడ పడిందో ఆ చుక్కలన్నీ కప్పేలా, అంతే, గొప్ప గణితం ఏమీ కాదు. లివర్ వంగడం ఇందులోకి పూర్తిగా రాదు, కాబట్టి ఆ పరిధి కూడా ఆశావాదమే, ఆ మాట సర్జన్‌కి ముందే చెప్తాం.

రెండోది, లిగమెంట్లు కోసి లివర్‌ని వదులు చేశాక ఓవర్లే ఆపేస్తున్నాం. అది ఎప్పుడు జరిగిందో సాఫ్ట్‌వేర్ కనిపెట్టలేదు, సర్క్యులేటింగ్ సిస్టర్ కీబోర్డ్ మీద ఒక బటన్ నొక్కుతుంది. ఏఐ పెట్టమని సలహాలొచ్చాయి, సిస్టర్ ఎలాగూ కేస్‌లో ప్రతి అడుగూ నోట్ చేస్తూనే ఉంటుంది, ఆవిడకన్నా నమ్మకమైన డిటెక్టర్ మాకు దొరకలేదు.

మూడోది సర్జన్ గారే అడిగారు, ఓవర్లే ఎప్పుడూ ఉండకూడదు, పెడల్ తొక్కినప్పుడే రావాలి అని. ఎప్పుడూ రంగుల బొమ్మ ముందుంటే దాని కింద కారుతున్న రక్తం కనబడదు అన్నారు. పెడల్ పెట్టాం, కాటరీ (కరెంటుతో కోసి రక్తం ఆపే పరికరం) పెడల్స్ పక్కన ఇంకో పెడల్ అంటే తికమక అవుతుందని దాన్ని టేబుల్ అవతలి పక్క అసిస్టెంట్ కాలి దగ్గర పెట్టాల్సి వచ్చింది, ఆయన "చూపించు" అంటే ఇతను తొక్కుతాడు.

కుడి లోబ్ సమస్య మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు చేస్తున్నది, అల్ట్రాసౌండ్ ప్రోబ్‌నే ట్రాక్ చేసి, సర్జన్ ఎలాగూ ప్రోబ్ తిప్పుతారు కాబట్టి అందులో కనబడే పోర్టల్ వెయిన్ కొమ్మలతో మోడల్‌ని అక్కడికక్కడ సర్దడం, అంటే లివర్ మొత్తానికి ఒకే రిజిస్ట్రేషన్ అనే ఆలోచన వదిలేసి గడ్డ చుట్టుపక్కల వరకే సరిచెయ్యడం. ప్రోబ్ కొస వంగుతుంది కాబట్టి ఆప్టికల్ మార్కర్ పనికిరాదు, కొసకి ఎలక్ట్రోమాగ్నెటిక్ సెన్సర్ అంటించాలి, ఆ ఫీల్డ్‌ని ఓటీ టేబుల్‌లోని ఇనుము వంచేస్తుంది. ఫీల్డ్ జనరేటర్‌ని పరుపు కింద పెడితే తేడా తగ్గుతోంది, టేబుల్ వంచినప్పుడు ఎంత మారుతుందో ఖాళీ ఓటీలో, ఆదివారాలు, పేషెంట్ లేకుండా కొలుస్తున్నాం.